బతికున్న నాన్నకు తెల్ల గులాబీ

గురువారం పొద్దున పదింటికి ఆయన పోయారు. ఆ సంగతి నాకు ఒక నర్సమ్మ చెప్పింది. ఆమె ఎమర్జెన్సీ వార్డు తలుపు సగం తెరిచి, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లను చూస్తూ, "మెట్టుగూడ పేషెంట్ తాలూకు ఎవరన్న ఉన్నరా? కొడుకు గాని, బిడ్డ గాని?" అని అడిగింది.

తలుపుకు అందరికంటే దగ్గరి కుర్చీ నాదే. వెంటనే లేవలేదు. కొడుకు దారిలో ఉన్నాడు. చిన్న బిడ్డ కరీంనగర్‌లో బస్సెక్కింది. ఆమె రెండోసారి అడిగేదాకా నేను అట్లనే కూర్చున్నాను. తర్వాత లేచి, "నేనున్న" అన్నాను.

"మీరేమైతరు?"

"చెప్పండమ్మా. నాకు చెప్పొచ్చు."

ఆమె నా ముఖం చూసింది. ఇంకేం అడగలేదు. "అయిపోయిందమ్మా. ఇంతకుముందే" అంది.

పోయినాయన మా అమ్మ రెండో భర్త. నాకు పన్నెండేళ్లప్పటి నుంచి నన్ను పెంచిన మనిషి. మా చెల్లె, తమ్ముడు ఆయనను నాయినా అని పిలిచారు. నేను సార్ అన్నాను. ఒకరోజూ రెండురోజులూ కాదు, నలభై రెండేళ్లు.

పత్రికవాళ్లు ఆయన జ్ఞాపకం కోసం నాకు ఈ పేజీలు ఇచ్చారు. నిజం చెప్పాలంటే నేను రాస్తున్నది ఒక దిద్దుబాటు. రెండేళ్ల కింద మన మహిళా మండలి పత్రికలోనే ఫాదర్స్ డే ఎట్లా పుట్టిందో రాశాను. చివర ఒక మాట చేర్చాను: "పదకొండో ఏట నుంచి నాకు నాన్న లేడు." మీలో చాలామంది అది చదివారు. కొందరు ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ మాట తప్పు. అప్పటికి నాకు నాన్న ఉన్నారు, మెట్టుగూడలో. ఆయనా అది చదివారు. అచ్చులో అన్న మాట అచ్చులోనే వెనక్కి తీసుకోవాలి. ఆయన ఉండగానే తీసుకోవలసింది.

మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. కామెర్లు ముదిరి పోయాడు. అప్పటికి నాకు పదకొండేళ్లు, చెల్లెకు ఆరు, తమ్ముడికి మూడు. బాపు పోయినందుకు అమ్మకు రైల్వే ఆఫీసులో అటెండర్ పని ఇచ్చారు. అమ్మకు సంతకం వచ్చు, ఫారాలు నింపడం రాదు. సిగ్నల్ షాపులో ఫిట్టర్‌గా చేసే ఒకాయన తిండి గంటలో వచ్చి అవి నింపి పెట్టేవారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. మంచంలో ఉన్న తల్లిని చూసుకుంటూ పెళ్లి చేసుకోకుండా ఉండిపోయారు. ఆ తల్లి కూడా పోయింది. బాపు పోయిన ఏడాదిన్నరకు అమ్మా, ఆయనా రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు.

ఆయన మా క్వార్టర్‌కు వచ్చిన మొదటి రోజు, గుమ్మం బయట చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డారు. చేతిలో బత్తాయిల సంచి. అమ్మ "లోపలికి రాండ్రి" అంది. ఆయన నా వైపు చూశారు.

"రావచ్చునా అమ్మా?"

నేను ముఖం తిప్పుకున్నాను. ఆయన కదలలేదు. తమ్ముడు పోయి సంచి పట్టుకుని గుంజితే, ఆ సంచి వెంట లోపలికి వచ్చారు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నాయినా అనాలె" అంది.

"నాకు బాపు ఉన్నడు" అని గోడ మీది ఫోటో చూపించాను.

అమ్మ ఏదో అనబోయింది. ఆయన ఆపారు. "ఉండనియ్యి. ఏమని పిలిస్తేంది, పలుకుడు నా పని" అన్నారు.

పెళ్లికి ముందు అమ్మ రోజూ ఆఫీసు నుంచి వచ్చి "ఫిట్టర్ సార్ ఫారం నింపిండు" అని చెప్పేది. నేను ఆ 'సార్' పట్టుకున్నాను. ఇంకొకటి కూడా అన్నాను, ఆయన ముఖం మీదే. "నన్ను బిడ్డా అని పిలువొద్దు." ఆయన తల ఊపారు. చెల్లెను బిడ్డా అన్నారు. తమ్ముడిని "అరే పట్వారీ" అని ఏడిపించారు. నన్ను మాత్రం చివరిదాకా అమ్మా అనే పిలిచారు. ఒప్పుకున్న మాట తప్పే మనిషి కాదు.

నా కోపానికి కారణం ఆయన కాదని ఇప్పుడు తెలుస్తున్నది. వీధి నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి, నేను రాగానే గొంతు తగ్గించేవాళ్లు. "మీ కొత్త నాయిన ఏం తెచ్చిండే?" అని ఒకామె అడిగేది. ఇంకొకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. నేను సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. వాళ్లను ఏమనే వయసు కాదు నాది. ఆ ఉడుకు తెచ్చి ఆయన మీద పోసేదాన్ని. ఆయన ఓర్చుకున్నారు.

నేను ఒక్కదాన్నే ఉన్న గదిలోకి ఆయన ఎప్పుడూ చప్పుడు లేకుండా రాలేదు. బయటే నిలబడి చిన్నగా దగ్గేవారు. నేను పెద్దదాన్నయి, నా పిల్లలు పెద్దవాళ్లయినా ఆ దగ్గు పోలేదు. ఎవరైనా తొందరపడితే, "జెర ఆగు, లైన్ క్లియర్ కానియ్యి" అనేవారు. పప్పు ఉడకకపోయినా అదే మాట, పరీక్ష ఫలితాలు రాకపోయినా అదే మాట. ఆదివారం సాయంత్రం ఇంట్లో అందరి బూట్లు వరండాలో వరసగా పెట్టి పాలిష్ చేసేవారు. బాపు డ్యూటీ బూట్లు అమ్మ పారేయలేదు. ఆ వరసలో అవి కూడా ఉండేవి. వాటికీ నల్ల పాలిష్ పూసి, గుడ్డతో మెరుగు పెట్టి, ఎండలో ఆరబెట్టేవారు.

"అవి ఎవరేసుకుంటరు సార్?" అని ఒకసారి అడిగాను. కొంచెం పొడిచినట్టే అడిగాను.

"వరసల ఉన్నయి గదమ్మా" అన్నారు.

చెల్లెకు నోరు ఆగదు. ఒకరోజు అన్నం తింటూ అడిగేసింది. "నాయినా, అక్క నిన్ను సార్ అంటది గద, నీకు కోపం రాదా?"

"కోపమెందుకే? మీరిద్దరు నాయినా నాయినా అని భుజాలెక్కుతరు. ఆమె ఒక్కతే నాకు ఇజ్జత్ ఇస్తది."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను కంచంలోకి చూస్తూ తిన్నాను.

మన దగ్గర తండ్రుల రోజు అంటే పెత్రమాస. బతుకమ్మ షురూ అయ్యే నాడు, పోయిన పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, నెయ్యి, కూరగాయలు తీసుకుపోయి గుడి దగ్గర అయ్యగారికి ఇస్తాం. బతికున్న తండ్రికి మన దగ్గర వేరే రోజు లేదు. ఇంట్లో ఉన్నాడు కదా, రోజు ఎందుకు అనుకున్నారేమో పెద్దలు.

ఆయన వచ్చిన తర్వాత మొదటి పెత్రమాసకు బాపు పేరు మీద ఎవరు ఇవ్వాలన్న మాట వచ్చింది. తమ్ముడు మరీ చిన్నవాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నదానివి, నువ్వెట్లా ఇస్తావని చుట్టాలు అమ్మను ఆపారు. ఆయన సంచి తీసుకుని బయలుదేరుతూ నన్ను అడిగారు. "మీ బాపుకు ఏం కూర ఇష్టమమ్మా?"

"చామగడ్డ" అన్నాను.

ఆ రోజు మెట్టుగూడలో చామగడ్డ దొరకలేదు. మోండా మార్కెట్ దాకా నడిచిపోయి తెచ్చారు. నన్ను వెంట తీసుకుపోయారు. గుడి దగ్గర మనుషులు బారుకట్టి ఉన్నారు. మా వంతు వచ్చింది. అయ్యగారు తల వంచుకునే పేరు అడిగారు, గోత్రం అడిగారు. ఆయన చెప్పారు.

"మీకేమైతరు?"

"మా పిల్లల బాపు."

అయ్యగారు తలెత్తి చూశారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన రెండు చేతులు జోడించి నిలబడ్డారు. అయ్యగారు మంత్రం అయిపోగొట్టేదాకా కదలలేదు. ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇంతమందిలో ఇట్లా చెప్తాడా, మాకు ఏమీ కాని మనిషి, అనుకున్నాను. ఇప్పుడూ ఆ రోజు తలుచుకుంటే సిగ్గే వేస్తుంది. కాని ఆయన గురించి కాదు. తమ్ముడు పెద్దవాడై వాడే ఇచ్చే రోజులు వచ్చినా, సంచి మోసింది ఆయనే. చామగడ్డ ఒక్క ఏడు కూడా తప్పలేదు.

నా పెళ్లిలో కన్యాదానానికి పీట మీద ఆయన కూర్చోవాలి. నేను అమ్మను పిలిచి, మేనమామను కూర్చోబెట్టండి అన్నాను. అమ్మ ఏడ్చింది. ఆయనకు ఎవరు చెప్పారో, ఏమని చెప్పారో నాకు తెలియదు. పీటల మీద కూర్చుని తల ఎత్తినప్పుడు, మండపం అవతల భోజనాల వరసలో ఆయన కనిపించారు. పంచె పైకి దోపుకుని సాంబారు వడ్డిస్తున్నారు. "ఇంకో గరిటె ఎయ్యనా? మా పెండ్లి, కడుపు నిండ తినాలె" అంటున్నారు. నేను తల దించుకున్నాను. పెళ్లికూతురికి సిగ్గని అందరూ మురిసిపోయారు.

ఇక ఫాదర్స్ డే సంగతి.

అప్పుడు నేను రెండు కథలు రాశాను. రెండూ అమెరికావే. మొదటిది ఒక బొగ్గు గని దగ్గర మొదలవుతుంది. గని పేలి ఒక్క రోజున వందల మంది పోయారు. ఎంతోమంది పిల్లలు తండ్రి లేనివాళ్లయ్యారు. ఆ దగ్గర్లోని ఊళ్లో, అంతకు చాలా ముందే తండ్రిని పోగొట్టుకున్న ఒక కూతురు ఉంది. ఆమె చర్చి పెద్దను అడిగి, పోయిన తండ్రుల కోసం ఒక ఆదివారం ప్రార్థన పెట్టించింది. అది ఆ ఒక్కసారితో సరి. ఊరు మరిచిపోయింది.

ఈ కథను నేను రెండు పేజీలు రాశాను. గని నల్లదనం రాశాను, తల్లుల ఏడుపు రాశాను. రాస్తూ నేనూ ఏడ్చాను. ఆ కూతురు నేనే అనుకున్నాను.

రెండో కథకు నాలుగు వాక్యాలు ఇచ్చాను. ఇప్పుడు దాన్ని సరిగ్గా చెప్తాను. ఆ దేశానికి ఇంకో మూల మరో కూతురు ఉండేది. తల్లి కాన్పులో పోతే ఆరుగురు పిల్లలను తండ్రి ఒక్కడే పెంచాడు. ఒక ఆదివారం చర్చిలో తల్లుల రోజు గురించి చెప్తుంటే ఈమె విన్నది. అయిపోయాక చర్చి పెద్ద దగ్గరికి పోయి, మరి తండ్రులకు రోజు లేదా అని అడిగింది. మా నాన్న పుట్టినరోజు నాడు పెట్టండి అంది. ప్రసంగాలు తయారు చేసుకోవడానికి అంత తొందరగా కుదరదని పెద్దలు జూన్ మూడో ఆదివారానికి జరిపారు. అదే ఈనాటికీ నిలిచింది. ఆ మొదటి పండుగనాడు తండ్రి ఉన్నవాళ్లు ఎర్ర గులాబీ, లేనివాళ్లు తెల్ల గులాబీ పెట్టుకున్నారని చెప్తారు. మంచం మీద ఉండి చర్చికి రాలేని తండ్రుల ఇళ్లకు ఆ కూతురు గుర్రబ్బండిలో పోయి కానుకలు ఇచ్చి వచ్చిందట. పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు. దుకాణాలవాళ్ల పండుగ అన్నారు. ప్రభుత్వం ఒప్పుకునేసరికి ఆమె ముసలిదైపోయింది. అయినా విడవలేదు.

అప్పుడు సగం వాక్యంతో నేను దాటేసిన సంగతి ఒకటుంది. ఆ రోజు అడిగేటప్పటికి ఆమె తండ్రి బతికే ఉన్నాడు.

పత్రిక వచ్చిన ఆదివారం ఒక ప్రతి పట్టుకుని మెట్టుగూడ పోయాను. అమ్మ పోయాక సార్ అక్కడే తను కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. తమ్ముడు మల్కాజ్‌గిరికి రమ్మంటే, "నా దోస్తులందరు ఈడనే ఉన్నరు, అక్కడ నాతోటి ఎవరు కొట్లాడుతరు" అని రాలేదు. పత్రిక ఆయన చేతికి ఇచ్చేటప్పుడు ఆ చివరి మాట గుర్తు లేదని నేను చెప్పను. గుర్తుంది. అయినా ఇచ్చాను.

వరండాలో కుర్చీ వెలుగులోకి జరుపుకుని, వరస కింద వేలు పెట్టి, మొత్తం చదివారు. నేను లోపల ఆయన కోసం తెచ్చిన కూర గిన్నెలో పోస్తూ, ఎక్కడిదాకా వచ్చారో కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చివరి పేరా దగ్గర వేలు ఆగలేదు. ముందు ఎట్లా నడిచిందో అట్లనే నడిచి, కింద అంచు దగ్గర నిలిచింది. కళ్లజోడు తీసి, పంచె కొసతో తుడుచుకున్నారు.

"మంచిగ రాసినవమ్మా."

"చదివిన్రా మొత్తం?"

"చదివిన. ఇద్దరు బిడ్డల కథ. కాని రెండో బిడ్డది జెర చిన్నగైంది."

"జాగా లేదు సార్. పేజీలు అయిపోయినయి."

"అవు, జాగా ఉండాలె గద" అన్నారు. పత్రిక మడత పెడుతూ, "ఆమె నాయిన ఉండంగనే అడిగింది సూడు. హుషారు పిల్ల" అన్నారు.

నేను గిన్నె మూత పెట్టి వచ్చేశాను. తప్పు పట్టాడు అనుకున్నాను. నేను పని చేసే స్కూలు లైబ్రరీలో ఇన్ని పుస్తకాలు చూసి రాస్తే ఈయనకేం తెలుసు అనుకుంటూ బస్సెక్కాను.

ఆ తర్వాతి ఆదివారమే మన పద్మారావు నగర్ కమ్యూనిటీ హాల్లో ఫాదర్స్ డే కార్యక్రమం. వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గులాబీల ఆలోచన నాదే. తలుపు దగ్గర రెండు పళ్లేలు పెట్టి, వచ్చినవాళ్లకల్లా ఆ ఆచారం చెప్పి పువ్వు ఇస్తున్నాను. తమ్ముడు సార్‌ను బండి మీద తీసుకొచ్చాడు. చెల్లె కూడా వచ్చింది. వాళ్లిద్దరూ ఏమీ ఆలోచించకుండా ఎర్రవి తీసుకున్నారు. సార్ తెల్లది తీసుకుని, "మా నాయిన పోయి శాన ఏండ్లాయె" అన్నారు నాతో.

"మీరు పెట్టుకోరా అక్కా?" అని మండలి సెక్రటరీ నన్ను అడిగింది.

నేను తెల్లది తీసుకుని పెట్టుకున్నాను. ఆయన నా ముందే ఉన్నారు. మూరెడు దూరం కూడా లేదు.

సెక్రటరీకి మా ఇంటి సంగతి తెలియదు. "ఇదేందక్కా, ఒక్క తల్లి పిల్లలు. వాళ్లు ఎర్రది, మీరు తెల్లదా?" అని నవ్వింది.

నేను పళ్లెంలో పువ్వులు సర్దాను. చెల్లె నేల చూసింది. సార్ ముందుకు వచ్చారు.

"వాళ్లిద్దరికి వాళ్ల బాపు ముఖం యాది లేదమ్మా. ఈమెకు యాదికున్నది. ఈమె పెట్టుకున్నదే కరెక్టు." తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "ఆ పిన్ను సక్కగ పెట్టుకో, గుచ్చుకుంటది" అన్నారు.

పోయి మూడో వరసలో కూర్చున్నారు. నేను మైకులో తండ్రి గొప్పతనం గురించి మాట్లాడాను. ఆయనా అందరితో పాటు చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చాక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "ఒక్క పూటకు ఎర్రది పెట్టుకుంటే ఏం పోతుండె అక్కా?"

"అబద్ధం ఆడమంటవా?"

"ఎవరాడుతున్నరో నాకైతే సమజ్ కాలె."

"ఊకో, నాయిన వస్తున్నడు" అంది చెల్లె.

నేను తెల్లవారుజామునే లేచి దీపం పెట్టుకునే మనిషిని. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ తలుచుకుని, చల్లగా చూడమని అడుగుతాను. బాపు పేరు, అమ్మ పేరు, చెల్లె, తమ్ముడు, పిల్లలు. ఆయన దగ్గరికి వచ్చేసరికి, "అందరినీ" అని కలిపేసేదాన్ని. ఏళ్ల తరబడి దేవుడి ముందు కూడా ఆ ఒక్క మాట దాటేశాను. దేవుడికి తెలియదనా?

పోయిన నెల ఆ గురువారం ఎనిమిదింటికి, సార్‌కు ఆయాసం వస్తున్నదని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. దగ్గర్లో ఉన్నది నేనే. ఆటోలో తీసుకుపోయాను. దారిలో ఆయన శ్వాసకూ శ్వాసకూ మధ్య, "నీకు స్కూలుకు లేటైతదేమో" అన్నారు. ఆస్పత్రిలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, కాగితాలు రాసే బల్ల పక్కనే ఆపారు. బల్ల దగ్గరి అమ్మాయి పెన్ను పట్టుకుని అడిగింది.

"పేషెంట్ మీకేమైతరు మేడం?"

"మా... బంధువులు."

"బ్లడ్ రిలేషనా?"

"కాదు."

"లోపలికి ఒక్కరినే పంపుతం. భార్య గాని, కొడుకు గాని, బిడ్డ గాని ఉంటే పిలిపించండి. మీరు బయట కూసోండి."

ఆమె అడగవలసిందే అడిగింది. నేను కూడా నిజమే చెప్పాననుకున్నాను. స్ట్రెచర్ తోసుకుపోతుంటే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. నా "కాదు" విన్నారో లేదో తెలియదు. ఇక తెలుసుకునే దారి లేదు. తమ్ముడికి ఫోన్ చేసి, కుర్చీలో కూర్చుని, పెదవుల మధ్యే జపం చేసుకున్నాను. మల్కాజ్‌గిరి నుంచి ట్రాఫిక్‌లో వాడు వచ్చేసరికి గంటంబావు. అప్పటికి ఆయన పోయి ఇరవై నిమిషాలైంది. లోపల ఆయన చెయ్యి పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

తమ్ముడు వస్తూనే అడిగాడు. "నువ్వు లోపల లేవా అక్కా?"

చెప్పాను. వాడు గోడకు ఆనుకున్నాడు. తిట్టలేదు. "బిడ్డనని ఒక్క మాట అంటే అయిపోతుండె గద" అన్నాడు, అంతే.

ఆయన మాకు ఏం చేశారో చెప్పడానికి చాలా ఉంది. నాకు మాత్రం ఈ ఒక్క లెక్కే తెగడం లేదు. నల్లా దగ్గరి ఆడవాళ్ల ముందు పడ్డ సిగ్గును దాచుకోవడానికి నేను ఒక మనిషిని నలభై రెండేళ్లు గుమ్మం బయట నిలబెట్టాను. చివరికి నేనే తలుపు బయట ఉండిపోయాను. పోయిన తండ్రిని తలుచుకోవడం తప్పు కాదు. అది చాటుగా పెట్టుకుని బతికున్న తండ్రిని లేడనడం తప్పు. అది నేను చేశాను. ఈ పత్రిక సాక్షిగా చేశాను. అందుకే మీ అందరి ముందూ చెప్తున్నాను. పదకొండో ఏట మా బాపు పోయాడు. పన్నెండో ఏట నాకు మళ్లీ నాన్న దొరికాడు. పోయిన నెల దాకా ఉన్నాడు.

కర్మకాండ అంతా తమ్ముడు చేశాడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఇల్లు సర్దుదామని ముగ్గురం అనుకున్నాం. నేను తొందరగా వచ్చేశాను. తాళంచెవి తమ్ముడి దగ్గర ఉంది. వాడు వచ్చేదాకా ఎక్కడన్నా కూర్చుందామని, సార్ రోజూ దోస్తులతో కూర్చునే వీధి చివరి చిన్న పార్కులోకి పోయాను. అది జూన్ మూడో ఆదివారమని అక్కడికి పోయాకే గుర్తుకు వచ్చింది.

ఒక సిమెంటు బెంచీ మీద నలుగురు ముసలాయనలు ఉన్నారు. రైల్వేలో చేసి రిటైరైనవాళ్లని మాటల్లోనే తెలుస్తున్నది. ఎప్పటిదో ఒక స్టేషన్ మాస్టర్ గురించి గట్టిగా తగువు పడుతున్నారు. నేను నిలబడి వాళ్ల వైపే చూస్తున్నానని వాళ్లలో ఒకాయన గమనించారు.

"ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ వద్దు. ఫిట్టర్ సార్ ఈడ కూసుంటుండె అని..."

నలుగురూ తగువు ఆపారు. "నువ్వేమైతవ్?" అని అడిగారు ఆయన.

"బిడ్డను" అన్నాను.

"పెద్దామెవా, చిన్నామెవా?"

"పెద్దదాన్ని."

"గట్ల చెప్పు మరి. రా, కూసో." ఇద్దరు అటూ ఇటూ జరిగి మధ్యలో చోటు చేశారు. కూర్చున్నాను. వాళ్లు నన్ను ఓదార్చలేదు. నేను లేనట్టే ఆయనను తిట్టడం మొదలుపెట్టారు.

"మీ నాయిన పేకాటల మహా దొంగ. తెలుసా నీకు?"

"తెల్వదు."

"ఇంట్ల చెప్పిండా ఏంది? షుగర్ ఉన్నోడు, చాయ్‌ల చక్కెర తక్కువైందని రోజు లొల్లి."

"మీ నాయిన ఒక్కడు లేకపోయేసరికి ఎవలు గెలుస్తున్నరో సుత తెలుస్తలేదు" అన్నారు ఇంకొకాయన.

మీ నాయిన, మీ నాయిన. ప్రతి మాటకూ అంటున్నారు. వాళ్లకు అది ఎంత తేలికో. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

చివర ఉన్నాయన సంచిలోంచి ఫ్లాస్కు తీసి, చిన్న స్టీలు గ్లాసులు బెంచీ మీద పెట్టి చాయ్ పోశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదోది పోశాక ఆయన చెయ్యి ఆగింది. అది నా కోసం పోసింది కాదని నలుగురికీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకున్నారు. కాసేపటికి ఆయనే ఆ ఐదో గ్లాసు నా వైపు జరిపారు.

"తాగమ్మా, చల్లారుతది."

రెండు చేతులతో పట్టుకున్నాను. వేడిగా ఉంది. వాళ్లు మళ్లీ ఆ స్టేషన్ మాస్టర్ మీద తగువు అందుకున్నారు. కొంచెం సేపటికి చాయ్ మీద పలచగా మీగడ కట్టింది. ఊపిరి తగిలినప్పుడల్లా అది ముడుచుకుని, మళ్లీ పరుచుకుంటున్నది. నేను దాన్నే చూస్తూ, తాగకుండా, కింద పెట్టకుండా, ఆ ముసలాయనల మధ్య కూర్చున్నాను.